బాప్తిస్మం తీసుకుంటే నాన్న ఆస్తిలో వాటా పోతుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఒకప్పుడు విపరీతంగా తాగేవాణ్ని. ప్రార్థనకు వెళ్లడం మొదలుపెట్టాక మానేశాను, రెండేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. నా భార్య హిందువుగానే ఉంది, ఇప్పుడు తనకు అయిదో నెల. పోయినేడు నాన్న వీలునామా రాయకుండానే చనిపోయారు. ఆయన సొంత సంపాదనతో కొన్న పొలం, ఇల్లు ఉన్నాయి. అమ్మ, ఇద్దరు అన్నలు, నేను ఉన్నాం, అక్కచెల్లెళ్లు లేరు. మతం మారావు కాబట్టి నీకు వాటా రాదంటూ అన్నలు ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా?

జవాబు: పెట్టకండి. మీకు వాటా లేదని వాళ్లకు అంత నమ్మకం ఉంటే మీ సంతకంతో పనేముంది? అది హక్కు విడుదల దస్తావేజు అయి ఉంటుంది. ఒకసారి చదివి చూడండి, మతం మాట బహుశా ఎక్కడా ఉండదు, ‘ఎవరి బలవంతం లేకుండా నా ఇష్టపూర్వకంగా హక్కు వదులుకుంటున్నాను’ అని మాత్రం ఉంటుంది. అది రిజిస్ట్రేషన్ అయిపోతే, ఆనక రద్దు చేయించుకోవడానికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే.

మతం వదిలినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని చెప్పే చట్టం 1850లోనే, అంటే కంపెనీ పాలనలోనే వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనూ వారసత్వానికి అనర్హులెవరో రాసి ఉంది: ఆస్తిపరుణ్ని చంపినవాడు ఉన్నాడు గానీ మతం మారిన కొడుకు లేడు. అమ్మతో కలిపి మీరు నలుగురు, మీది నాలుగో వంతు. వాళ్లు ఇవ్వం అంటే లాయర్ నోటీసు, దానికీ దిగిరాకపోతే పార్టిషన్ సూట్, అంటే కోర్టులో పంపకాల దావా.

పెళ్లి సంగతి అడగలేదు గానీ, అది చెక్కుచెదరదు. మీరు మతం మారారన్న కారణంతో విడాకులు అడిగే హక్కు ఆమెకు ఉంటుంది, మీకు ఉండదు.

కులం ఏమిటో రాయలేదు. ఎస్సీ అయితే జాగ్రత్త, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఆ హోదా. క్రైస్తవంలో కొనసాగుతూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒకావిడ అప్పీలును 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు, పాత సర్టిఫికెట్ బీరువాలో ఉంది కదా అని వాడేయకండి.

అసలు మెలిక పుట్టబోయే బిడ్డ దగ్గరుంది. అదే 1956 చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మతం మారాక పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తి వారసత్వంగా రాదు, ఆ బంధువు చనిపోయే నాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప. మీ ద్వారా మీ బిడ్డకు రావాల్సిన దానికి దీనివల్ల ఇబ్బంది లేదు. కానీ అమ్మకంటే ముందు మీకేదైనా జరిగి, బిడ్డ క్రైస్తవంలో పెరిగితే, అమ్మ వాటాలోంచి ఆ బిడ్డకు పైసా రాదు. అమ్మ వీలునామాలో మనవడికో మనవరాలికో ఇంత అని రాస్తే ఈ సెక్షన్ అడ్డురాదు. తాగుడు మానేశారు, సంతోషం. అది కోర్టులో పనికిరాదు గానీ అమ్మ దగ్గర తప్పకుండా పనికొస్తుంది, కూర్చుని మాట్లాడండి. ఆమె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే తెల్లకాగితం మీద రాసినా వీలునామా చెల్లుతుంది.