అమెరికా బీఏ, ఇంగ్లాండ్ బీఏ, బెంగళూరు బీఏ అన్నీ ఒకటేనా?

"మా చెల్లికి ఇంటర్ సీఈసీ అయిపోయింది. బీఏ చదువుతానంటోంది. బెంగళూరులో చేర్చాలా, అప్పు చేసైనా బయటి దేశం పంపాలా? అక్కడ నాలుగేళ్ళట, ఇక్కడ మూడేళ్ళు. అంత తేడా ఉందా?" అని ఒకరు అడిగారు.

ముందు ఆ ఏళ్ళ లెక్క పక్కన పెట్టండి. "ఇక ఈ ఒక్క సబ్జెక్టే" అని పిల్లని ఎప్పుడు తేల్చుకోమంటారు? నన్నడిగితే తేడా అంతా అక్కడే ఉంది. ఇంగ్లాండ్‌లో పదహారేళ్ళకే చాలామంది మూడు సబ్జెక్టులకి దిగిపోతారు. యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు హిస్టరీ అని రాస్తే మూడేళ్ళూ దాదాపు హిస్టరీయే. అమెరికాలో నాలుగేళ్ళు, చాలాచోట్ల రెండో ఏడాది చివరిదాకా మేజర్, అంటే మెయిన్ సబ్జెక్టు, చెప్పక్కర్లేదు. బీఏ పిల్లలు కూడా ఒక సైన్సు, కొంత లెక్కలు చదవాల్సిందే. స్కాట్లాండ్‌లోనూ నాలుగేళ్ళే. మొదటి రెండేళ్ళు పక్క సబ్జెక్టులు కూడా చదివి, తర్వాత ఒకటో రెండో పట్టుకుంటారు. ఎడిన్‌బరో, గ్లాస్గోల్లో దానికిచ్చే డిగ్రీని ఎంఏ అంటారు. బీఏ లేకుండా ఎంఏ చేసిందని మన పెళ్ళిళ్ళ పేరయ్యకి చెప్పి చూడండి, ఫేక్ సర్టిఫికెట్ అంటాడు.

అసలు దేశం దాటక్కర్లేదు. బెంగళూరులో పొద్దున రైలెక్కి మధ్యాహ్నానికి చెన్నైలో దిగితే చాలు, బీఏ మారిపోతుంది.

మాది మదనపల్లె. బెంగళూరులో హెచ్‌ఈపీ చదివాను. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, మూడూ సమానం. తర్వాత ఎంఏ ఎకనామిక్స్‌కి చెన్నైలో ఒక కాలేజీకి వెళ్ళాను. అక్కడి బీఏలో భాష పార్ట్ వన్, ఇంగ్లీషు పార్ట్ టూ, మెయిన్ సబ్జెక్టూ దానికి తోడుగా చదివే అలైడ్ పేపర్లూ పార్ట్ త్రీ. కౌంటర్లో ఆయన నా మార్కుల లిస్టు అటూ ఇటూ తిప్పాడు. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే విని, తెలుగులోనే అడిగాడు.

"మెయిన్ ఏది మా?"

"మూడూ మెయినే సార్."

"మూడూ మెయిన్ ఎట్లా అవుతాయి? పార్ట్ త్రీ పర్సంటేజ్ వెయ్యాల కదా నేను."

ఎంత చెప్పినా ఫారంలో గడి ఒక్కటే ఉంది. నా వెనక క్యూ పెరిగిపోతోంది, నాకేమో టెన్షన్. చివరికి లోపలికి పంపాడు. అక్కడ ఒక మేడమ్ నా ఎకనామిక్స్ పేపర్లు వేలితో లెక్కపెట్టి, "మా పిల్లలు దీనికి రెండింతలు చదివుంటారు" అన్నారు. అని, "1876 కరువులో మద్రాస్ రేవు నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది, జనం ఎందుకు చచ్చారు?" అని అడిగారు.

ఆ ప్రశ్న నాకు పండగే. అప్పట్లో మా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, ఆ కరువు మావాళ్ళ మీద పడిందే. పంటపోయి కూలి పనుల్లేవు, కొనడానికి చేతిలో డబ్బు లేదు, రేటెక్కువ పలికే చోటికి ధాన్యాన్ని రైళ్ళు మోసుకుపోయాయి అన్నాను. వైస్రాయ్ లిట్టన్ ధరల జోలికి పోవద్దన్నాడనీ, ఆయన పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలికి రోజుకి ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడనీ చెప్పాను. ఇందులో ఏది హిస్టరీ, ఏది ఎకనామిక్స్, ఏది పాలిటిక్సో మీరే విడదీయండి. సీటిచ్చారు. మొదటి సెమిస్టర్‌లో ఎకనామెట్రిక్స్, అంటే లెక్కలతో చేసే ఎకనామిక్స్, చుక్కలు చూపించింది, అక్కడ మాత్రం చెన్నై పిల్లలదే పైచేయి. ఏడాదిలో అందుకున్నాను. మూడు సబ్జెక్టుల బుర్ర మాత్రం వాళ్ళకి ఏడాదిలో రాదు. ఇది నా గట్టి నమ్మకం, వాదనకి రావద్దు.

మనవాళ్ళ గొడవ ఇంకోటి. బీఏ అనగానే "గ్రూప్స్‌కా?" అంటారు. లేకపోతే ఎంసెట్‌లో ర్యాంకు రాలేదేమో అని జాలిపడతారు. ఆ పిల్లకి కరువు గురించి తెలుసుకోవాలని ఉండొచ్చని ఒక్క బాబాయికీ తోచదు.

ప్రభుత్వాలూ తక్కువేం కాదు. ఢిల్లీ యూనివర్సిటీ నాలుగేళ్ళ డిగ్రీ 2013లో పెట్టి, 2014లో తీసేసి, 2022లో మళ్ళీ తెచ్చింది. కర్ణాటక 2021లో మొదలుపెట్టి 2024లో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకే వచ్చేసింది. ఆంధ్రలో 2023లో సింగిల్ మేజర్ అన్నారు. అందుకని సీనియర్లు చెప్పింది నమ్మకుండా, ఈ ఏడాది సిలబస్ ఏమిటో కాలేజీకే వెళ్ళి అడగండి.

మీ చెల్లికి ఏ సబ్జెక్టు కావాలో ఇప్పటికే తెలిస్తే చెన్నై బాగుంటుంది, డబ్బుంటే ఇంగ్లాండ్. ఇంకా తేలకపోతే అమెరికా, స్కాట్లాండ్ మంచివే, కానీ బీఏకి అంత అప్పు చేయమని నేను చెప్పను. బెంగళూరులో మూడు సబ్జెక్టుల బీఏలో చేర్చి, పీజీకి బయటికి పంపండి. కొన్ని అమెరికా యూనివర్సిటీలు పీజీకి పదహారేళ్ళ చదువు అడుగుతాయి, మన మూడేళ్ళ బీఏతో పదిహేనే అవుతుంది. ఏవి ఒప్పుకుంటాయో ముందే చూసుకోండి. ప్రతి సెమిస్టర్ సిలబస్ కాపీ మీద కాలేజీ స్టాంపు వేయించి దాచమనండి. అది దగ్గర లేకే నేను ఆ కౌంటర్ దగ్గర అంతసేపు నిలబడ్డాను.