నాచు అని రాయకు

తమ్ముడూ,

లైకెన్ల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. 'లైకెన్ అనేది ఒక రకం నాచు' అన్న రెండో వాక్యం దగ్గరే నా పెన్ను ఆగింది. నాచు అందులో ఒక భాగస్తుడు మాత్రమే. రెండో భాగస్తుడు బూజు జాతివాడు, శిలీంధ్రం. వీడు ఇల్లు కడతాడు, నాచు ఎండలో వంట చేస్తుంది. ఉమ్మడి కాపురం అన్నమాట. 'జీవ సూచికలు' (అంటే గాలి బాగోగులు పట్టిచ్చే జీవులు) లాంటి మాటలతో మొదలుపెట్టే బదులు ఒకసారి అమ్మ మసాలా డబ్బా తెరిచి చూడు. బిర్యానీలో వేసే రాతిపువ్వు లైకెనే. నీ పాఠకుడు దాన్ని ఎన్నోసార్లు చేత్తో పట్టుకున్నాడు, పేరే తెలియదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

'కాలుష్యం వల్ల ఇవి నశిస్తున్నాయి' అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథంతా అక్కడే ఉందయ్యా! చెట్టుకి వేళ్లున్నాయి, ఆకు మీద మైనం పూత ఉంది. లైకెన్‌కి రెండూ లేవు. వానా, మంచూ, గాలిలో ధూళీ, వాటినుంచే దాని తిండి. ఒళ్లంతా నోరే. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ ఆ తడిలో కరిగి నేరుగా లోపలికి పోతుంది, పత్రహరితాన్ని పాడుచేస్తుంది. వంటవాడు పడిపోతే ఇల్లు కట్టినవాడికీ పస్తే. విషం పట్టిన ఆకుని చెట్టు రాల్చేసి కొత్తది వేసుకుంటుంది, దీనికి ఆ వీలూ లేదు. పైగా చాలా రకాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. ఈ పేరా నువ్వు నిదానంగా, ఒక పేజీ రాసినా నేను విసుక్కోను.

పరిశోధకుల పేర్లు గుదిగుచ్చకు. ఇద్దరు చాలు. 1859లో లియో గ్రిండన్ మాంచెస్టర్ చుట్టుపక్కల లైకెన్లు తగ్గిపోవడం చూసి, చెట్లు నరకడాన్నీ ఫ్యాక్టరీల పొగనూ తప్పుపట్టాడు. 1866లో విలియం నైలాండర్ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో చెట్టుచెట్టూ తిరిగి లైకెన్ల జాబితా వేశాడు. నగరంలో మిగతాచోట్ల లేనివి అక్కడ ఉన్నాయంటే గాలిలోనే తేడా ఉందన్నాడు. చేతిలో గాలిని కొలిచే మీటరు లేదు, ఉన్నవీ లేనివీ లెక్కపెట్టాడంతే. లేనిదాన్ని చూడటం కష్టం. మన పనిలోనూ అంతే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట 'లైకెన్ కనబడిన చోట గుండెనిండా గాలి పీల్చుకోండి' అని రాసి మురిసిపోయాను. ఒక వృక్షశాస్త్రం లెక్చరర్ కార్డు ముక్క పంపారు. అందులో ఒకటే ప్రశ్న: 'ఏ లైకెన్?' సిగ్గేసింది. లెకనోరా కొనిజియాయిడిస్ అనే బూడిదపచ్చటి రకం బ్రిటన్‌లో బొగ్గు పొగ మధ్యే హాయిగా పాకింది. సల్ఫర్ తగ్గాక తనే తగ్గిపోయింది. జాంతోరియా అనే పసుపుపచ్చటి లైకెన్‌కి నత్రజని ఇష్టం, పశువుల కొట్టాల అమోనియా తగిలేచోట అది బాగా పెరుగుతుంది. చెట్టునిండా పచ్చగా మెరిసినంత మాత్రాన గాలి మంచిదని కాదు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అనే పరిశోధకులు ఇంగ్లండ్, వేల్స్‌లలో గాలి కాలుష్యానికి సున్నా నుంచి పది దాకా మెట్లు కట్టినప్పుడు ఏయే రకాలున్నాయో చూశారు, ఉన్నాయా లేవా అని మాత్రమే కాదు. నువ్వూ రకాల జోలికి వెళ్లు.

చివరి పేరా 'మనమంతా మేల్కొనాలి' కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. ఆ చోట మీ వీధి చింతచెట్టు కావాలి. మొదట్లో దాని మీద తెల్ల మచ్చలున్నాయని రాసి, తర్వాత మర్చిపోయావు. అవి లైకెనా, పిట్ట రెట్టా, ఎవరో పూసిన సున్నమా? దగ్గరికెళ్లి చెంబుడు నీళ్లు చల్లు. లైకెనైతే తడికి పచ్చదనం తేలవచ్చు, చాలా రకాలు అలాగే చేస్తాయి. రోడ్డువైపూ చూడు, ఇంటివైపూ చూడు. ఏం కనబడిందో ఆదివారం లోగా రాసి పంపు. టెన్షన్ పడకు, ఏమీ లేకపోతే లేదనే రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య