గేదెల దాణాలో సముద్రపు నాచు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది భీమునిపట్నం దగ్గర ఒక పల్లె. ఆరు ముర్రా గేదెలను మేపుతున్నాము. సముద్రపు నాచు తిన్న పశువులు మీథేన్ వాయువును తక్కువగా వదులుతాయని చదివాను. మా తీరంలో రాళ్ల మీద పెరిగే నాచును ఎండబెట్టి దాణాలో కలపవచ్చునా? పాల దిగుబడి పెరుగుతుందా?
– ఒక పాడి రైతు, విశాఖపట్నం జిల్లా

జవాబు: దయచేసి కలపవద్దు. మీరు చదివినది నిజమే కాని, అది అన్ని నాచులకూ వర్తించదు. మీథేన్‌ను గట్టిగా అడ్డుకోగలిగేది ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర నాచు. మీ తీరంలో రాళ్లను అంటిపెట్టుకొని పలుచని ఆకుల్లా కనిపించే పచ్చని నాచు చాలావరకు అల్వా జాతికి చెందినది. దానిలో ఆ శక్తి లేదు. పైగా మురుగునీరు కలిసే చోట పెరిగిన నాచు నీటిలోని భారలోహాలను తనలోకి లాక్కుంటుంది. అవి పశువు ఒంట్లోకి, అక్కడి నుంచి పాలలోకి చేరే ప్రమాదం ఉంది.

ఈ పరిశోధనకు బీజం కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పడింది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన నాచును మేసే తన ఆవులు మిగతావాటికన్నా ఆరోగ్యంగా ఉండటం అక్కడి రైతు ఒకరు గమనించగా, రాబ్ కిన్లీ అనే శాస్త్రవేత్త ఆ నాచును పరీక్షించి, మీథేన్ కూడా కొంత తగ్గుతున్నట్లు కనుగొన్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం, ఆ దేశపు ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రవేత్తలు ఉష్ణమండల తీరాల్లో దొరికే 20 రకాల నాచులను పశువు పొట్టలోని ద్రవంతో కలిపి ప్రయోగశాలలో పరీక్షించి, 2014లో ఫలితాలను ప్రచురించారు. వాటిలో ఆస్పరాగాప్సిస్ మీథేన్‌ను దాదాపు పూర్తిగా ఆపివేసింది.

అది పనిచేసే తీరు తెలిస్తే దాని పరిమితులు కూడా అర్థమవుతాయి. గేదె తిన్న గడ్డి పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల వల్ల పులిసినప్పుడు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు ఈ రెండింటినీ కలిపి మీథేన్‌గా మారుస్తాయి. ఆ వాయువులో అత్యధిక భాగం నోటి నుంచి, త్రేన్పుల ద్వారానే బయటికి వస్తుంది. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు ఇలా గాలిపాలవుతుంది. ఆస్పరాగాప్సిస్‌లోని బ్రోమోఫామ్ అనే రసాయనం, మీథేన్ తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమును అడ్డుకుంటుంది.

అంత శక్తి మిగిలితే పాలు పెరగాలి కదా అని మీకు అనిపించవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ కేంద్రంలో ఎర్మియాస్ కెబ్రియాబ్ బృందం పాడి ఆవులపై జరిపి, 2019లో ప్రచురించిన ప్రయోగం ఆ ఆశను బలపరచలేదు. మేతలో 1 శాతం నాచు కలిపినప్పుడు కిలో పాలకు వెలువడే మీథేన్ 67 శాతం తగ్గింది. కాని ఆవులు తినే మేత 38 శాతం, పాలు దాదాపు 12 శాతం తగ్గిపోయాయి. ఈ ప్రయోగాల్లో వాడే కొలత యంత్రం గురించి కూడా చెప్పాలి. పశువు దాని తొట్టిలో తల పెట్టగానే గుప్పెడు గుళికల దాణా రాలుతుంది. అది నమిలి మింగుతున్నంతసేపూ చిన్న పంకా దాని ఊపిరిని, త్రేన్పులను లోపలికి పీల్చి, వాటిలోని వాయువులను లెక్కకడుతుంది. పశువును కట్టివేయకుండా, బెదరగొట్టకుండా జరిగే ఈ కొలత లేకపోతే, దాణా మూటలపై కంపెనీలు రాసుకొనే శాతాలను నమ్మడం తప్ప రైతుకు వేరే దారి ఉండదు.

అదే బృందం 2021లో ప్రచురించిన మాంసపు పశువుల ప్రయోగం 147 రోజులు సాగింది. నాచును అర శాతానికి తగ్గించినా మీథేన్ 80 శాతం వరకు తగ్గింది, పశువుల ఎదుగుదల కూడా దెబ్బతినలేదు. అయితే మన రైతులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ 80 శాతం ధాన్యం ఎక్కువగా, గడ్డి తక్కువగా ఉన్న మేతతో వచ్చిన ఫలితం. మేతలో గడ్డి వాటా పెరిగినకొద్దీ నాచు ప్రభావం తగ్గుతూ వచ్చింది. వరిగడ్డి, జొన్న చొప్ప ప్రధానంగా తినే మన గేదెలలో అంతటి ఫలితాన్ని ఆశించడం సమంజసం కాదు.

బ్రోమోఫామ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అధిక మోతాదుల్లో అది జంతువులలో క్యాన్సర్ కలిగించినట్లు పరీక్షల్లో తేలింది. నెదర్లాండ్స్‌లో జరిగి, 2021లో ప్రచురితమైన ప్రయోగంలో అది ఆవుల మూత్రంలోనే కాక కొన్ని పాల నమూనాలలోనూ కనిపించింది. కొన్ని పశువుల పొట్ట గోడలు దెబ్బతిన్నట్లు కూడా గమనించారు. ఈ నాచులో అయోడిన్ కూడా ఎక్కువే. కాబట్టి ఎంత మోతాదు వరకు నిరపాయమో నిపుణులు మన గేదెలపైనే పరీక్షించి చెప్పేవరకు, ఈ నాచు పేరుతో ఎవరు ఏమి అమ్మినా కొనవద్దని నా సలహా.

ప్రశ్న: భూమి వేడెక్కుతోందంటూ, కర్మాగారాలను, కార్లను వదిలిపెట్టి పశువుల త్రేన్పుల వెంట పడటం న్యాయమా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీ ఆవేదన సమంజసమైనదే. అయినా శాస్త్రం చెప్పేదాన్ని కాదనలేము. మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లే నిలిచినా, 20 ఏళ్ల కాలానికి లెక్కిస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. అయితే వీటిలో చాలావరకు రెండు మూడు పశువులున్న చిన్న కుటుంబాలవి. మీథేన్‌ను తగ్గిస్తామంటూ పలు దేశాలు 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించిన ప్రపంచ మీథేన్ ప్రతిజ్ఞలో భారతదేశం చేరకపోవడానికి ఈ కుటుంబాల జీవనోపాధి ఒక ప్రధాన కారణం. మీథేన్ తగ్గించడం వల్ల లాభం లోకమంతటిదీ అయినప్పుడు, దాని ఖర్చును లీటరు పాలకు నాలుగు రూపాయలు మిగిలితే చాలనుకొనే రైతు నెత్తిన వేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న: నాచు లేకుండా ఇప్పుడే చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పశుపోషకుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఉంది. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరక్రియా విజ్ఞాన సంస్థ టానిన్లు (వగరు రుచినిచ్చే పదార్థాలు) అధికంగా ఉండే మొక్కలతో ‘హరిత్ ధార’ అనే మిశ్రమాన్ని రూపొందించింది. దీనితో మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ చెబుతోంది. మూడు నెలలు దాటి, పెద్ద పొట్ట పూర్తిగా పనిచేస్తున్న పశువులకే దీనిని పెట్టాలి. మీ పశువైద్యుడిని అడిగి చూడండి.

అంతకంటే ముందు మీ వరిగడ్డిని బాగుచేసుకోండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా పట్టాతో కప్పి మూడు వారాలు మాగనివ్వాలి. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా కాసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లను పశువులు తాగే చోట ఉంచకూడదు, తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇలా మాగిన గడ్డి బాగా జీర్ణమవుతుంది. దానికి పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం తోడై పాలు పెరిగితే, ఒక్కో లీటరుకు వెలువడే మీథేన్ తగ్గుతుంది, దాణా ఖర్చు కూడా కలిసివస్తుంది.