రెండో హోస్ట్‌కి వెళ్లకపోవడం బగ్ కాదు, మీ టెస్ట్‌లోనే తేడా ఉంది

కనెక్షన్ సెట్టింగ్‌లో రెండు హోస్ట్‌లు (సర్వర్ అడ్రస్‌లు) ఇచ్చి, మొదటి సర్వర్‌లో కావాలని తప్పు పాస్‌వర్డ్ పెట్టి, క్లయింట్ రెండోదానికి వెళ్తుందేమోనని చూశానన్నారు కదండీ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అది జరగదు. కనెక్షన్ కుదిరాక పాస్‌వర్డ్ దగ్గర ఫెయిలైతే లిబ్‌పీక్యూ (క్లయింట్ వైపు కనెక్షన్ పెట్టే పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ) అక్కడే ఆగిపోతుంది, జాబితాలో మిగతా హోస్ట్‌ల జోలికే పోదు. డాక్యుమెంటేషన్‌లోనూ ఇదే ఉంది.

ఫెయిలోవర్, అంటే ఒక సర్వర్ అందకపోతే తర్వాతిదానికి మారడం, చూడాలంటే మొదటి సర్వర్‌ని పూర్తిగా ఆపండి, 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' వచ్చి వెంటనే రెండోదానికి వెళ్తుంది. ఫైర్‌వాల్‌తో ప్యాకెట్లు డ్రాప్ చేస్తే మాత్రం కనెక్ట్ టైమ్‌అవుట్ (కనెక్షన్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) పెట్టకపోతే చాలాసేపు వేలాడుతుంది, పైగా ఆ టైమ్‌అవుట్ ఒక్కో హోస్ట్‌కి విడివిడిగా లెక్క, అంటే 5 సెకన్లు పెడితే రెండు హోస్ట్‌లకి 10 దాకా పట్టొచ్చు.

క్లయింట్ పాస్‌వర్డ్‌లు చదువుకునే పాస్‌వర్డ్ ఫైల్ (.pgpass) కూడా ఒకసారి చూడండి. నాకు ఒక సాయంత్రమంతా టెన్షన్ పెట్టింది ఇదే: మొదటి హోస్ట్ పేరుతో ఒక్క లైనే రాశాను, రెండోదానికి వెళ్లగానే 'పాస్‌వర్డ్ ఇవ్వలేదు' అని ఎర్రర్. ప్రతి హోస్ట్‌కి ఒక లైన్ ఉండాలి, లేదా హోస్ట్ స్థానంలో నక్షత్రం గుర్తు (*), అంటే ఏ హోస్ట్‌కైనా అని. లినక్స్‌లో ఫైల్ పర్మిషన్ 0600 (ఓనర్ మాత్రమే చదవగల, రాయగల సెట్టింగ్) కన్నా వదులుగా ఉంటే లిబ్‌పీక్యూ ఆ ఫైల్‌ని అసలు పట్టించుకోదు.

పాస్‌వర్డ్ టెస్ట్‌ని వేరుగా, ఒక్కో హోస్ట్‌కి విడిగా రాయండి.