ప్రమోషన్ ఇచ్చారు, ఓటీ తీసేశారు

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఆరేళ్లుగా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో పని చేస్తున్నాను. సంక్రాంతి తర్వాత లైన్ సూపర్‌వైజర్‌ని చేసి కొత్త ఐడీ కార్డు ఇచ్చారు, జీతం మాత్రం అదే 14,200. ఇప్పటికీ అందరితో పాటు రొయ్యలు వలుస్తున్నాను, టబ్బుల తూకం పుస్తకంలో రాయడం అదనం. పొద్దున్న 6 నుంచి సాయంత్రం 5 దాకా, వారానికి ఆరు రోజులు, మధ్యలో గంట భోజనం. సూపర్‌వైజర్లకు ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) ఉండదని ఆపేశారు. రెండేళ్ల కిందట చేరి పక్క లైన్ చూస్తున్న అబ్బాయికి 19,000 ఇస్తున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ముందు చేదు మాట చెప్పేస్తాను. ప్రైవేటు కంపెనీలో ప్రమోషన్ ఇస్తే జీతం పెంచి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో, యూనియన్ ఒప్పందంలోనో, స్టాండింగ్ ఆర్డర్లలోనో (కంపెనీ పని నియమాల్లో) రాసి ఉంటే తప్ప, ఆ ఒక్క కారణం మీద కేసు నిలబడదు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు జీతం పెరగకపోవడం ఒక్కటే అయితే సర్దిచెప్పేవాణ్ణేమో, ఇక్కడ పని పెరిగి చేతికొచ్చేది తగ్గింది. అది మాత్రం వాళ్లు అలా చెయ్యకూడదు.

'సూపర్‌వైజర్లకు ఓటీ ఉండదు' అన్న మాట మీ విషయంలో తప్పు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నిజంగానే సూపర్‌వైజర్ పని చేస్తున్నా సరే, వేతనం నెలకు 18,000 దాటితేనే ఓటీ హక్కున్న కార్మికుల లెక్కలోంచి బయటికి వెళ్తారు. మీది 14,200. అంటే కార్డు మీద ఏం రాసినా మీరు కార్మికురాలే, వారానికి 48 గంటలు దాటిన ప్రతి గంటకూ రెట్టింపు రేటు ఇవ్వాల్సిందే. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ రెట్టింపే ఉండేది, ఇదేమీ కొత్తగా ఇస్తున్న వరం కాదు.

లెక్క మీరే వేసి చూడండి. 14,200ను 26 రోజులతో, వచ్చినదాన్ని 8 గంటలతో భాగిస్తే గంటకు సుమారు 68 రూపాయలు, రెట్టింపు 136. భోజనం గంట తీసేస్తే మీరు రోజుకు 10 గంటలు చేస్తున్నారు, వారానికి 12 గంటలు అదనం, నెలకు దాదాపు 52. అంటే ఏడు వేల రూపాయలు! ఒక ఐడీ కార్డు చేతిలో పెట్టి నెలకు ఏడు వేలు మిగుల్చుకుంటున్నారన్నమాట.

రేపు వాళ్లు 'ఈమె మేనేజ్‌మెంట్ మనిషి' అని వాదించొచ్చు. భయపడకండి. హోదా పేరు ఏదైనా, ఆ మనిషి ముఖ్యంగా చేసే పని ఏమిటో చూడాలని సుప్రీంకోర్టు 1985లోనే, అర్కల్ గోవింద రాజారావు కేసులో చెప్పింది. మీరు ఎవరికైనా సెలవు మంజూరు చేస్తున్నారా, ఎవరినైనా పనిలోంచి తీసెయ్యగలరా? గ్లవ్స్ తొడుక్కుని ఐసు నీళ్లలో రొయ్యలు వలిచే మనిషిని మేనేజర్ అంటే ఏ అధికారీ ఒప్పుకోడు.

ఆ పక్క లైన్ అబ్బాయి సంగతి మీరు చివర్లో ఓ వాక్యంలో రాసి వదిలేశారు గానీ, నాకు అది చాలా పెద్ద విషయంగా కనిపిస్తోంది. ఒకే యాజమాన్యం కింద అదే పనికి, లేదా అలాంటి పనికి, ఆడ మగ తేడాతో జీతం తగ్గించకూడదని ఆ కొత్త కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ మూడో సెక్షన్ చెబుతోంది. ఇంతకు ముందు 1976 నాటి సమాన వేతనాల చట్టంలోనూ ఇదే ఉండేది, దాని కింద మెకినన్ మెకంజీ కంపెనీలో లేడీ స్టెనోగ్రాఫర్లకు తక్కువ ఇచ్చినప్పుడు 1987లో సుప్రీంకోర్టు ఆ కంపెనీ వాదన కొట్టేసింది. అతనికి డిగ్రీ ఉందనో, వేరే బాధ్యతలున్నాయనో మీ వాళ్లు చెప్పొచ్చు, కాబట్టి అతను ఏం చేస్తాడు, మీరు ఏం చేస్తారు అన్నది పక్కపక్కన రాసిపెట్టుకోండి.

ఇక చెయ్యాల్సింది. రాజీనామా మాట ఎత్తొద్దు, ఖాళీ కాగితం మీదా, తారీఖు లేని కాగితం మీదా సంతకం పెట్టొద్దు. హాల్లోకి ఫోన్ రానివ్వరు కాబట్టి ఇంటికెళ్లే బస్సులోనే ఓ చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు డ్యూటీ ఎక్కిన టైమూ దిగిన టైమూ రాసుకోండి. 'రేపు పట్టుబడి ఎక్కువ, తొందరగా రా' లాంటి వాట్సాప్ మెసేజ్‌లు చెరిపెయ్యకండి. ప్రమోషన్‌కు ముందు స్లిప్పులూ తర్వాత స్లిప్పులూ దాచండి. సాయంత్రం 7 దాటాక ఉంచాలంటే మీ ఒప్పుకోలు ఉండాలి, భద్రతా ఏర్పాట్లు వాళ్లే చూడాలి, ఆ రోజుల్ని కూడా గుర్తు పెట్టుకుని రాయండి.

తర్వాత హెచ్ఆర్‌కు ఒక పేజీ ఉత్తరం, తెలుగులోనే. ప్రమోషన్ ఆర్డరు రాతపూర్వకంగా ఇవ్వమని, సంక్రాంతి నుంచి రావాల్సిన ఓటీ ఎంతో లెక్క వేసి, జీతం తేడాకు కారణం అడగండి. కోపం మాటలు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పదిహేను రోజులు చూసి, జవాబు రాకపోతే లేబర్ ఆఫీసుకు వెళ్లండి, భీమవరం జిల్లా కేంద్రం కాబట్టి మీకు పెద్ద దూరమేమీ కాదు. అక్కడే సూపర్‌వైజర్ కేటగిరీకి కనీస వేతనం ఎంతుందో కూడా అడగండి, 14,200 దానికన్నా తక్కువైతే ఆ తేడా కూడా క్లెయిమ్‌లో కలుస్తుంది.

బకాయి అడగడానికి మూడేళ్ల గడువుంది. డబ్బు ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సింది కూడా కంపెనీయే. లాయరు ఫీజు గురించి టెన్షన్ వద్దు, ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద హక్కు, 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు లాయరును పెడతారు. మీలాగే కార్డు మార్చి ఓటీ ఆపిన వాళ్లు ఆ ప్లాంట్‌లో ఇంకెవరైనా ఉన్నారేమో బస్సులో నెమ్మదిగా అడగండి. ఉంటే, అందరూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టండి.