చింతపల్లిలో చలికాలానికి ఇంటిని సిద్ధం చేసుకోవడం గురించి

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న దీవించి రాయునది.

నీకు చింతపల్లి బడికి బదిలీ అయిందని, లంబసింగి దారిలో ఊరి చివర ఉన్న పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నారని మీ నాన్న చెప్పాడు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ మన్యంలోనే గడిచింది. పసిపిల్లవాడితోను, ఉబ్బసం ఉన్న మీ అత్తగారితోను అక్కడ మొదటి చలికాలం గడపబోతున్నారు కాబట్టి, ఇంటి విషయంలో నాకు తెలిసింది నీకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. మబ్బు లేని రాత్రుల్లో నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల మీదుగా జారి పల్లంలో నిలిచిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని సంవత్సరాలు తెల్లవారుజాముకు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది, పొద్దెక్కేదాకా మంచు వీడదు, అదే రోజు మధ్యాహ్నం మాత్రం ఎండ హాయిగా కాస్తుంది. మైదానం నుంచి వచ్చినవాళ్లు ఈ చలికి భయపడి, ఇంటికి ఉన్న ప్రతి సందునూ గుడ్డలతో, ప్లాస్టిక్ పట్టాలతో మూసేసి, లోపల నిప్పు పెట్టుకుని కూర్చుంటారు. నేను చూసినంతలో ఆ కొండల్లో మనిషికి చలి చేసే చెరుపు కన్నా, మూసిన ఇంట్లో నిలిచిపోయే తడి, పొగ చేసే చెరుపే ఎక్కువ. ఇల్లు పొడిగా ఉండాలి, గాలి ఆడాలి. ఆ తరువాతే వెచ్చదనం సంగతి.

అన్నిటికన్నా ముందు పైకప్పు చూడండి. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ అరకు వైపు కాఫీ తోటల్లో ఎంతెంత సిల్వర్ ఓక్ చెట్లను పడగొట్టిందో ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. చలి మొదలయ్యేనాటికి గోడలు తడిసి ఉంటే ఆ తడి సంక్రాంతి దాకా ఆరదు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి, గది మధ్య నిలబడి పైకి చూడు. ఎక్కడెక్కడ వెలుతురు చుక్కలుగా కనిపిస్తుందో అక్కడ పెంకు జరిగిందో పగిలిందో ఉంటుంది. ఆ చోట్లకు సరిగ్గా కింద నేల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుంటే, పెంకులు సర్దే మనిషికి చూపించడం తేలిక. కప్పు వాలులు రెండు కలిసే చోట ఆకులు, పాచి పేరుకుని నీరు వెనక్కి తంతుంది, కాబట్టి అక్కడ తప్పకుండా శుభ్రం చేయించు. కొప్పు మీది పెంకుల కింద సున్నం ఊడిపోయి ఉంటే ఇంటివారితో మాట్లాడి ఇప్పుడే పెట్టించండి. తుపాను కబురు వచ్చాక ఆ పనికి మనిషి దొరకడు.

గోడకూ కప్పుకూ మధ్య ఉండే ఖాళీని పూర్తిగా మూయవద్దు. పొగ, ఊపిరి ఆవిరి బయటకు పోయేది ఆ దారినే. పడుకునే గదిలో మాత్రం మంచాల పైన వెదురు తడకనో మందపాటి గుడ్డనో కప్పులాగా కట్టించండి. చల్లగాలి నేరుగా తల మీదికి దిగదు, గది కూడా బిగుసుకుపోదు. ఇంటికి వెనుక రేకులతో వేసిన వంటపాక ఉందని విన్నాను. తెల్లవారేసరికి చల్లబడ్డ రేకుకు ఇంట్లోని ఆవిరి తగిలి, లోపలి వైపే నీరై చుక్కలుగా రాలుతుంది. కప్పు కారుతోందని అందరూ పొరబడతారు, మరమ్మతు చేయించినా అది ఆగదు. రేకు కింద జానెడు ఎడంగా తడక కట్టించి, బియ్యం డబ్బా, చోళ్ల మూట గోడకు దూరంగా ఎత్తు మీద పెట్టించు.

మట్టిగోడలు ఆ ఇంటికి వరం. పగటి ఎండను అవి పట్టుకుని రాత్రి నెమ్మదిగా వదులుతాయి, కాబట్టి పగుళ్లకు ఎర్రమట్టి మెత్తించి, దక్షిణం వైపు గోడకు ఎండ తగలకుండా అడ్డం వచ్చే కొమ్మలను ఇంటివారి అనుమతితో కొట్టించండి. పదకొండు నుంచి మూడు గంటల దాకా కిటికీలన్నీ బార్లా తెరిచి, బొంతలూ రగ్గులూ ఎండలో వేసి, నాలుగు కాకముందే లోపలికి తీయాలి. ఆ తరువాత వాటికి మంచు పడుతుంది. పైన కప్పుకునే దానికన్నా కింద పరుచుకునేది ముఖ్యమని కూడా గుర్తుంచుకో. నేల మీద పడుకునేవారికి చాప మీద మందపాటి బొంత లేకపోతే ఎన్ని రగ్గులు కప్పినా వణుకు తగ్గదు.

కట్టెలు ఇప్పుడే కొని పెట్టుకోండి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టినప్పుడు ఖంగుమంటే ఎండినట్టు, మొద్దు చప్పుడు వస్తే పచ్చి ఉన్నట్టు. పచ్చి కట్టె వేడి ఇవ్వదు, పొగ ఇస్తుంది, ఆ పొగ మీ అత్తగారి ఉబ్బసానికి విషం. రాళ్ల మీద అడ్డకర్రలు వేసి, చూరు కింద, గోడకు ఆనకుండా పేర్చండి. పాములూ తేళ్లూ ఆ వెచ్చదనానికి చేరతాయి కాబట్టి కర్రతో కదిపిన తరువాతే కట్టె తీయాలని పనిమనిషికి కూడా చెప్పు.

ఇక కుంపటి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతూ పొగ లేకుండా ఉన్నప్పుడు ప్రమాదం లేదని అందరూ అనుకుంటారు. నిజానికి గాలి చాలని గదిలో ఆ నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తరువాత వికారం, నిద్రమత్తు వస్తాయి. అది చలికాలపు నిద్రేనని మనిషి పడుకుంటే ఇక లేవడు. ప్రతి శీతకాలం మన దేశంలో కుటుంబాలకు కుటుంబాలు ఇలా పోతున్నాయి. కుంపటి పెట్టినంతసేపూ కిటికీ ఒకటి తెరిచే ఉండాలి, పడుకునే ముందు దాన్ని ఇంట్లోంచి బయటపెట్టాలి, ఇందులో ఏ ఒక్క రాత్రికీ మినహాయింపు లేదు. తలుపు దగ్గర నిలబడి అది బయటికి వెళ్లిందని అల్లుడుగారు కళ్లారా చూసిన తరువాతే గడియ వేయండి. స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టించాలనుకుంటే అది గది బయటే ఉండాలి. మీ అత్తగారు కుంపటి కావాలని పట్టుబడితే ఎదురు చెప్పకుండా, వేడినీళ్ల సంచిని తువ్వాలులో చుట్టి పడుకునే ముందే ఆమె దుప్పట్లో పెట్టు. రెండు మూడు రోజుల్లో ఆమే అడిగి పెట్టించుకుంటారు. పిల్లవాడి పక్కలో మాత్రం సంచి ఉంచవద్దు, పక్క వెచ్చబడ్డాక తీసేసి వాణ్ణి పడుకోబెట్టు.

చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. చలికి సిలిండరులో ఒత్తిడి తగ్గి పొద్దుటి పూట పొయ్యి మంట నీరసంగా ఉంటుంది. దానికి సిలిండరును వేడి చేయాలని ఎవరు చెప్పినా వినవద్దు. ఇన్వర్టరు బ్యాటరీ కూడా చలిలో తొందరగా దిగిపోతుంది, కాబట్టి టార్చిలైటు ఒకటి మంచం పక్కన ఉండాలి. పిల్లవాడికి స్నానం మధ్యాహ్నమే. మీ అత్తగారి మందులు నెలకు సరిపడా ముందే తెచ్చుకోండి, ఎందుకంటే మంచు దట్టంగా ఉన్న పొద్దుల్లో నర్సీపట్నం ఘాటీ దిగడం మంచిది కాదు.

పెంకులు సర్దే మనిషిని దీపావళి లోపల పిలిపించండి. కూలి మాట ముందే అనుకుని, నువ్వు బడికి వెళ్లే రోజున కాకుండా ఆదివారం పని పెట్టించి దగ్గరుండి చూడు. పని అయ్యాక ఒకసారి ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న