ఆ ఈమెయిల్ తెరిచి చూడు

నానీ,

నువ్వు చదువాపేసి ఉద్యోగం చూసుకుంటానంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో ఒకటే బెంగ. మానేస్తావో మానవో నీ ఇష్టం. చేతిలో ఒక డిగ్రీ కాగితం లేకుండా మాత్రం బయటికి రాకు.

కమ్యూనిటీ కాలేజీలో 36 క్రెడిట్లు చేసి యూనివర్సిటీకి వెళ్లావు. ఇప్పుడు మొత్తం 74. అసోసియేట్ డిగ్రీకి, అంటే రెండేళ్ల డిగ్రీకి, మామూలుగా 60 చాలు. యూనివర్సిటీలో చదివినవి వెనక్కి పంపిస్తే పాత కాలేజీ వాళ్లే ఆ డిగ్రీ ఇస్తారు. రివర్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు దీన్ని. మన టెక్సస్‌లో చట్టమే ఉంది: కాలేజీలో కనీసం 30 చేసి వెళ్లినవాళ్లకి మొత్తం 66 అయ్యాక, పాత కాలేజీకి మార్కుల రికార్డు, అంటే ట్రాన్‌స్క్రిప్ట్ పంపమంటారా అని యూనివర్సిటీయే అడగాలి. నిన్నూ అడిగే ఉంటారు. నువ్వు ఆ ఈమెయిల్ తెరిచి ఉండవు! నువ్వు సరేనంటే తప్ప అది కదలదు. ఆ క్రెడిట్లు అక్కడ వాడుకున్నంత మాత్రాన నీ బ్యాచిలర్స్ లెక్కలో ఒక్క క్రెడిట్ కూడా తగ్గదు, ఆ భయం వద్దు.

అయితే 60 ఉంటే అయిపోయినట్టు కాదు. నేనూ ఇలాగే ఆ డిగ్రీ కోసం 71 క్రెడిట్లతో ధీమాగా వెళ్లాను. అడ్వైజరు డిగ్రీ ఆడిట్, అంటే డిగ్రీకి ఏ కోర్సులు అయ్యాయో ఏవి మిగిలాయో చూపే పట్టిక, తీసి స్క్రీన్ నా వైపు తిప్పింది. అన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్క వరుస ఎర్రగా ఉంది: గవర్నమెంట్ 2306, టెక్సస్ ప్రభుత్వం గురించిన కోర్సు. ఫెడరల్ గవర్నమెంట్ చేశాను కదా, రెండూ ఒకటేలే అనుకుని వదిలేశాను. ఇక్కడ అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్‌లో గవర్నమెంట్ 6, అమెరికా చరిత్ర 6 ఉండాల్సిందే. పిల్లల్ని మీ అమ్మమ్మ దగ్గర వదిలి, ఎండాకాలం క్లాసులో కూర్చుని అది పూర్తి చేశాను. అందుకే ముందు ఆడిట్ తీయించు. ఏదైనా తక్కువైతే, మానేముందు ఈ సెమిస్టర్‌లోనే ఆ ఒక్కటీ కానిచ్చెయ్.

లైబ్రరీ ఫైనో పార్కింగ్ టికెట్టో బాకీ ఉంటే కట్టెయ్, దాని మూలంగా హోల్డ్ పడిందంటే ట్రాన్‌స్క్రిప్ట్ ఆగిపోవచ్చు.

కాలేజీ రికార్డులో అడ్రసు కూడా మార్పించు. నా డిగ్రీ మా పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లింది. అక్కడ దిగినవాళ్లెవరో పుణ్యాత్ములు, మడతపడకుండా దాచి పెట్టారు.

మీ పిన్ని